పన్నెండో అరలో చెప్పులు

పోయినవారం ఇన్‌స్పెక్టరమ్మను చెప్పుల అరల ముందు వదిలిపెట్టాం. పదకొండో అరలో ఆమె బూట్లు ఉన్నాయి. పన్నెండో అరలో ఆమె భర్త బూట్లు లేవు.

కొత్తగా చేరినవారికి నాలుగు ముక్కలు. ఆమె చెప్పుల ఫ్యాక్టరీలో తయారైన సరుకు తనిఖీ చేసే ఉద్యోగి. అందుకే భర్త ఆమెకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు. అతనిది కళ్ళద్దాల దుకాణం కనక ఆమె అతన్ని అద్దాలాయన అంటుంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. చెరొక సంచీ వీపున తగిలించుకుని దీవులు చూడడానికి బయల్దేరారు. మొదటి దీవిలో ఒక కోతి అతని రెండో జత కళ్ళద్దాలు ఎత్తుకుపోయి చెట్టెక్కి, అక్కడ పెట్టుకుని మరీ చూసింది. మూడో దీవిలో ఒక ఉడుము వాళ్ళ గుడారంలో దూరి, సరిగ్గా ఆమె దిండు మీదే పడుకుంది. ఐదు దీవులు అలా నవ్వుకుంటూ దాటారు.

ఆరోది ఈ పక్షుల దీవి. ఇక్కడ ఒక నియమం ఉంది. బయటినుంచి ఒక్క గడ్డి గింజ, ఒక్క చీమ గుడ్డు కూడా దీవిలోకి రాకూడదు. అందుకని రేవులో దిగగానే ఎవరి బూట్లు వాళ్ళు విప్పి, నంబరు వేసిన అరలో పెట్టి, దీవి వాళ్ళిచ్చే నల్ల రబ్బరు చెప్పులు తొడుక్కోవాలి. వెళ్ళేటప్పుడు చెప్పులు అరలో పెట్టి బూట్లు తీసుకోవాలి. దీవి కాపలా పెద్దాయన మనుషుల్ని లెక్కపెట్టడు. అరల్ని లెక్కపెడతాడు.

ఈ రోజుతో దీవి మూత. పక్షులు పొదిగి పిల్లల్ని పెంచే కాలం కాబట్టి నలభై రోజులు పడవ రాదు. ఆఖరి పడవ సాయంత్రం నాలుగింటికి. పెద్దాయన దగ్గరున్న వైర్‌లెస్ మూడు రోజులుగా మూగబోయింది. పొద్దుటి నుంచి అద్దాలాయన కనబడడం లేదు. ఇప్పుడు టైము మూడు దాటి పది నిమిషాలు.

"చూశారుగా తల్లీ," అన్నాడు పెద్దాయన, ఖాళీ అర వైపు చెయ్యి చూపిస్తూ. "బూట్లు తీసుకున్నారు, చెప్పులు పెట్టేశారు. ఎనిమిది మంది దిగారు. పొద్దున ఏడింటి పడవకి ఏడుగురు వెళ్ళారు. మిగిలింది మీరు ఒక్కరు. లెక్క సరిపోయింది."

"లెక్క సరిపోతే మనిషి ఏడీ, బాబాయ్?"

"వెళ్ళారంటున్నాగా."

"నాకు చెప్పకుండానా?"

రేవు చెక్కల మీద గొంతుక్కూర్చుని బీడీ ఆర్పుకుంటున్న సరంగు అందుకున్నాడు. బొద్దుగా, నవ్వు మొహంతో ఉండే మనిషి. ఈ దీవుల మధ్య పదిహేనేళ్ళుగా పడవ నడుపుతున్నాడు.

"చెప్పకుండా ఏం చెల్లెమ్మా? నిన్న సాయంత్రం ఆయన చెప్పింది దీవంతా విన్నది కదా. భోజనాల పాకకి గోడల్లేవు మరి. నేనూ విన్నాను, నా పడవలో ఇంజనూ వింది."

ఇన్‌స్పెక్టరమ్మ మొహం వేడెక్కింది. నిజమే. గొడవ చాలా చిన్నది. ఆరో దీవితో ఇంటికి పోదామని అనుకున్నారు. ఆమె మాత్రం తాబేళ్ళు గుడ్లు పెట్టే ఏడో దీవికి, అతన్ని అడక్కుండా, ఇద్దరి పేర్లూ రాయించేసింది. ఆ సంగతి అన్నం ముందు బయటపడింది. అతను ఎప్పుడూ అరవడు. నిన్న అరిచాడు.

'రేపు మొదటి పడవకి నేను పోతున్నా. నువ్వూ నీ తాబేళ్ళూ కలిసి కాపరం చేసుకోండి!'

ఆ మాటకి పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆరుగురు ప్రయాణికులూ నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. గుడారంలోకి పోయి అటు తిరిగి పడుకుంది. తెల్లవారుజామున అతను లేవడం, కళ్ళద్దాల కోసం తడుముకోవడం ఆమెకు వినిపించాయి. కళ్ళు తెరవలేదు. కళ్ళు తెరిస్తే మాట్లాడాలి, మాట్లాడితే తనే తగ్గినట్టవుతుంది. ఇప్పుడు ఆ ఒక్క క్షణాన్నే పదేపదే గుర్తు తెచ్చుకుంటోంది. అప్పుడు అతను సంచీ తీసుకున్నాడా? తీసుకోలేదా? ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు.

"ఆయన్ని మీ కళ్ళతో చూశారా?" అని అడిగింది సరంగుని.

"చూడకపోవడమేంటి? నారింజ రంగు వానకోటు, ఎడమ చెయ్యి దగ్గర చిరుగు. టోపీ మొహం మీదికి లాక్కుని వెనక బెంచీలో కూర్చున్నాడు. నీలం సంచీ. ఎవరితోనూ పలకలేదు. పెళ్ళాంతో గొడవపడి వచ్చినవాడు కబుర్లేం చెబుతాడులే అని నేనూ కదిలించలేదు. అవతలి రేవులో దిగాడు, ఆ కోటుతోనే మెట్లెక్కి పోయాడు. వెనక్కి కూడా చూడలేదు."

చిరుగు ఎడమ చేతి దగ్గరే. నాలుగో దీవిలో ముళ్ళకంప తగిలి చిరిగింది. సంచీ నీలమే. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉండడమే ఆమెకు మింగుడుపడడం లేదు.

అలిగి వెళ్ళిపోయాడంటే ఎంత బాగుండు! అలిగినవాడు దొరుకుతాడు. అవతలి రేవులో టీ తాగుతూ, వచ్చే ప్రతి పడవనీ చూడనట్టు చూస్తూ కూర్చుని ఉంటాడు. తను వెళ్ళి నాలుగు తిట్టి, తను నాలుగు తిని, ఇద్దరూ కలిసి ఇంటికి పోవచ్చు. అలా అనుకున్నప్పుడల్లా గుండె కుదుటపడుతోంది. మరుక్షణమే పాత లెక్క గుర్తొస్తోంది. తొమ్మిదేళ్ళలో అతను వందసార్లు 'పోతున్నా' అన్నాడు. ఒక్కసారీ వీధి చివర దాటలేదు.

"పొద్దున మనం దీవి చుట్టూ తిరిగాం కదమ్మా," అన్నాడు పెద్దాయన మెత్తగా. "తెల్లారేదాకా కురిసిన వానకి ఇసక పలకలా తుడుచుకుపోయింది. దాని మీద ఎన్ని రకాల అడుగులున్నాయి? రెండే. నావి, పక్షులావిడవి. మీ వారు దీవిలో ఉంటే గాల్లో నడుస్తారా?"

అదీ నిజమే. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఇద్దరూ తిరిగారు. పెద్దాయన చెప్పుల అడుగులు మామూలువి. పక్షులావిడ చెప్పులకి మాత్రం మడమ దగ్గర కత్తితో మూడు గాట్లు పెట్టి ఉంటాయి. గూళ్ళ మధ్య పరాయి మనిషి తిరిగితే తన అడుగుల్లో కలిసిపోకూడదని ఆవిడే పెట్టుకుంది. ఆ మూడు గాట్ల అడుగులు ఉత్తరపు రాళ్ళ దాకా వరసగా పోయాయి. "ఆవిడవే, రోజూ పోతుంది," అని పెద్దాయన అక్కణ్ణుంచి వెనక్కి తిప్పాడు.

పక్షులావిడ ఇప్పుడు కాస్త దూరంలో, బోర్లించిన పాత తెప్ప మీద కూర్చుని ఉంది. యాభై ఏళ్ళు దాటిన పొడగరి మనిషి, మెడలో దుర్భిణి. పద్నాలుగేళ్ళుగా ఈ దీవిలో పక్షుల్ని లెక్కపెడుతోంది. మనుషులతో పెద్దగా పని లేదు. గంటన్నర నుంచీ అక్కడే, పాదాలు ఇసకలోకి దూర్చుకుని కూర్చుంది. మాటా పలుకూ లేదు. మధ్యలో ఒకసారి మాత్రం, పక్కనుంచి పోతున్న ఇన్‌స్పెక్టరమ్మకు కూర్చునే మంచినీళ్ళు అందించి, "తాగు. వట్టి గొంతుతో ఏడవకు," అంది.

సరంగు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "పోటు తగ్గేలోపు నేను కదలాలి. అరగంటలో మొదటి కూత కూస్తా. చెల్లెమ్మా, సంచీ సర్దుకో."

ఆమె సర్దుకోవడానికి వెళ్ళలేదు. అరల దగ్గరే నిలబడింది. చెయ్యి చాచి, పన్నెండో అరలో ఉన్న నల్ల రబ్బరు చెప్పుల జతను తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. భర్త వేసుకున్నవి కదా అని అయ్యుండవచ్చు. కాని చేతులకి పదకొండేళ్ళ అలవాటు ఉంది. పూటకి ఆరువందల జతలు. చెప్పు చేతిలో పడగానే ఆ చేతులు చేసే మొదటి పని దాన్ని బోర్లించడం.

బోర్లించింది. చూసింది. మళ్ళీ తిప్పి పై పట్టీ చూసింది.

"బాబాయ్, ఇవి మీ చెప్పులు కావు."

"నావి కావమ్మా, మీ వారివి."

"అది కాదు. ఇవి ఈ దీవి చెప్పులు కావు."

పెద్దాయన దగ్గరికి వచ్చాడు. ఆమె తన కాలి చెప్పు ఒకటి విప్పి పక్కన పెట్టింది. రెండూ నల్లవే. రెండూ రబ్బరే. ఒకటే పట్టీ, ఒకటే ఎత్తు. దారిన పోయేవాడికి చూపిస్తే ఒక తల్లి పిల్లలంటాడు.

"అడుగు చూడండి. మీ చెప్పులకి ఇటుకల గోడలా అడ్డగీతలున్నాయి. దీనికి అలల్లా వంకర గీతలు. అచ్చే వేరు. అచ్చులోకి రబ్బరు పోసిన చోట చిన్న బుడిపె మిగులుతుంది. మీ వాటికి మడమ కింద ఉంది. దీనికి పాదం మధ్యలో ఉంది. ఇవి వేరే ఫ్యాక్టరీలో పుట్టాయి."

"ఏదో ఒక జత కలిసిపోయి ఉంటుందమ్మా..."

"మీరు ఇక్కడ ఎన్ని జతలు తెప్పించారు?"

"ఇరవై. అన్నీ ఒకేసారి వచ్చాయి."

"లెక్కపెట్టండి. బోర్లించి."

లెక్క అనగానే పెద్దాయనకు ఓపిక వచ్చింది. ఒక్కొక్క అరలోంచీ జత తీసి, బోర్లించి, ఇసకలో వరసగా పెట్టాడు. అరల్లో దొరికినవి పదిహేడు. తన కాళ్ళకి ఒకటి, పక్షులావిడకి ఒకటి, ఈమెకి ఒకటి. "ఇరవై. చూశారా!" అన్నాడు విజయంగా.

"ఇప్పుడు అలల గీతలున్న జత తీసెయ్యండి."

పెద్దాయన తీశాడు. మొహంలో విజయం కూడా దాంతోపాటే పోయింది.

"పందొమ్మిది," అన్నాడు.

"మా ఆయన చెప్పులు ఇందులో లేవు. మొన్న దిగిన రోజే కుడి చెప్పు పట్టీ తెగితే నేనే కుట్టాను. వలలకి వాడే నారింజ దారంతో, రెండు సూదుల కుట్టు. 'ఫ్యాక్టరీ నీకు సెలవిచ్చింది కాని నువ్వు ఫ్యాక్టరీకి ఇవ్వలేదు' అని ఎగతాళి కూడా చేశారు. ఈ పదహారు జతల్లో ఎక్కడన్నా ఆ కుట్టు ఉందా?"

పెద్దాయన ఒక్కొక్క పట్టీ వేలితో తడిమి చూశాడు. లేదు. చెమట తుడుచుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఆయన్ని ఇలా ఇసకలో కూర్చోబెట్టలేదు.

"అంటే..."

"అంటే ఎవడో మీ లెక్కలోకి రాకుండా దీవిలో దిగాడు. మీ చెప్పుల్లాంటివే తొడుక్కుని దిగాడు. పొద్దున వాటిని పన్నెండో అరలో పెట్టి, మా ఆయన బూట్లూ కోటూ సంచీ తీసుకుని, మా ఆయనలా పడవెక్కాడు. దిగనివాడు వెళ్ళాడు. దిగినవాడు..."

మాట పూర్తి చెయ్యలేకపోయింది. పూర్తి చెయ్యకపోయినా అక్కడున్న ముగ్గురికీ అర్థమైంది. అద్దాలాయన దీవిలోనే ఉన్నాడు. బూట్లు లేవు, సంచీ లేదు, బహుశా ఒంటి మీద స్పృహ కూడా లేదు. నాలుగింటికి దీవి మూతపడుతుంది. పెద్దాయన 'దీవి ఖాళీ' అని రాసి సంతకం పెట్టి సరంగు చేతికిస్తే, అతన్ని వెతకడానికి నలభై రోజుల దాకా ఎవ్వరూ రారు.

సరంగు పగలబడి నవ్వాడు. "బాగుంది! చెప్పు మీద గీతలు చూసి జాతకం చెబుతున్నావా చెల్లెమ్మా? ఇంకా నయం, నా చెప్పులు చూపించలేదు, నా పెళ్ళాం సంగతులు కూడా చెప్పేదానివి."

"నవ్వకండి. పడవ ఆపండి. నలుగురం కలిసి వెతుకుదాం."

"పోటు నీకోసం ఆగదు, నాకోసం ఆగదు. పొద్దుటి నుంచీ వెతికారుగా, దొరికాడా? నామాట విను." ఇప్పుడతని గొంతులో వెటకారం లేదు. అన్నగారి గొంతు వచ్చింది. "నువ్వు చెప్పిందే నిజమనుకుందాం. ఇక్కడ నువ్వొక్కత్తివి ఏం చేస్తావ్? వైర్‌లెస్ చచ్చింది. నాతో వచ్చెయ్. గంటన్నరలో అవతలి రేవు. నేనే నిన్ను ఆఫీసుకి తీసుకెళతా. పదిమందిని, కుక్కల్ని పట్టుకుని పొద్దున్నే వద్దాం."

"అదీ నిజమే తల్లీ," అన్నాడు పెద్దాయన నీరసంగా. "ఈలోగా నేనూ ఆవిడా వెతుకుతూనే ఉంటాం. మీరు వెళ్ళి మనుషుల్ని తీసుకురండి."

తప్పు పట్టడానికి ఏమీ లేని మాట. ఆమె తల అటూ ఇటూ ఊగింది. ఉంటే ఏం చేస్తుంది? కాని తను పడవెక్కితే... ఒకవేళ అతను ఏ రాయి వెనకో పడి, పడవ కూత వింటూ ఉంటే? వినే స్థితిలోనే ఉంటే? వెళ్ళడం వదిలెయ్యడమా, కాపాడడమా? ఏ వైపు నుంచి చూసినా రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

పడవ మొదటి కూత కూసింది.

గుడారం దగ్గరికి పరుగెత్తి, దొరికింది దొరికినట్టు సంచీలో కుక్కింది. అతని దువ్వెన, అతని తువ్వాలు, పక్షుల బొమ్మలు గీసుకున్న పుస్తకం. పుస్తకం ఇక్కడుంది. ఇల్లు మరిచినా పుస్తకం మరిచే మనిషి కాదు.

రెండో కూతకి తిరిగి రేవుకొచ్చింది. కాలి చెప్పులు విప్పి అర ముందు పెట్టి, పదకొండో అరలోంచి తన బూట్లు తీసింది. ఒక బూటు చేతిలో, ఒకటి కాలికి సగం.

అప్పుడు లేచింది పక్షులావిడ. ఇసకలోంచి పాదాలు పైకి లాక్కుని, నాలుగంగల్లో దగ్గరికొచ్చి, వీడ్కోలు చెబుతున్నట్టు ఇన్‌స్పెక్టరమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఎవరినీ ముట్టుకోని మనిషి ఎందుకిలా చేస్తోందా అనుకుంటూ, లేసు కట్టుకోవడానికి వంగిన ఇన్‌స్పెక్టరమ్మ చూపు ఆవిడ పాదాల మీద పడింది.

కుడి చెప్పు పట్టీ మీద నారింజ రంగు దారం. రెండు సూదుల కుట్టు. చివర తను పళ్ళతో తెంపిన పోగు.

తల ఎత్తింది. పక్షులావిడ వేళ్ళు ఆమె భుజాన్ని గట్టిగా నొక్కాయి.

"అరవకు," అంది ఆవిడ పెదవులు కదపకుండా. "ఆయనే ఇచ్చాడు."

"ఎప్పుడు? ఎక్కడ? బతికే..."

"నవ్వుతూ విను. సరంగు చూస్తున్నాడు. ముందు ఆ పడవ పోవాలి."

"గంటన్నర నుంచి నా ఏడుపు చూస్తూ కూర్చున్నారా అక్కా మీరు!"

"మరేం చెయ్యమంటావ్? ఆయన మాట అది. తెల్లారకముందు, వానలో వట్టి కాళ్ళతో నా గుడిసెకి వచ్చాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. ఉత్తరపు రాళ్ళ దగ్గర ఎవడో గూళ్ళలోంచి పిల్లల్ని తీసి బుట్టల్లో సర్దుతున్నాడన్నాడు. బుట్టల మీద ఈ పడవ గుర్తు ఉందన్నాడు. సంచీ, కోటు అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు. నా చెప్పులు అడిగి తొడుక్కుని, తనవి నాకిచ్చి, వాణ్ణి కనిపెట్టి ఉంటానని వాన వెలిశాక మళ్ళీ అటే పోయాడు. నా అడుగులైతే ఎవరూ అనుమానపడరని."

మూడు గాట్ల అడుగులు. ఉత్తరపు రాళ్ళ దాకా. పొద్దున తను వాటి పక్కనే నడిచింది. పెద్దాయన 'ఆవిడవే' అంటే తలూపి వెనక్కి తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"'మా ఆవిడకి అబద్ధం రాదు, మొహం చూస్తే సరంగు కనిపెట్టేస్తాడు' అన్నాడు. మరి పడవెక్కి వెళ్ళిపోతే అని అడిగాను." ఆవిడ సరంగు వైపోసారి చూసింది. "'నన్ను వదిలి ఎక్కదు' అన్నాడు."

ఇన్‌స్పెక్టరమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది. ఒక బూటు కాలికి ఉంది.

నమ్మాలా? భర్త చెప్పులు తొడుక్కుని, గంటన్నర నోరు విప్పని మనిషి మాట నమ్మాలా? పదిహేనేళ్ళుగా జనాన్ని దాటిస్తున్న సరంగు మాట నమ్మాలా? ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఇద్దరి మొహాలూ ఒకేలా నిబ్బరంగా ఉన్నాయి. చెప్పులైతే బోర్లించి చూడొచ్చు. మనుషుల్ని ఎలా బోర్లిస్తారు?

మూడో కూత.

"చెల్లెమ్మా! ఎక్కుతున్నావా లేదా?"

అబద్ధం రాని మనిషి కనక ఆమె ఏమీ చెప్పలేదు. కాలికున్న బూటు విప్పింది. రెండూ కలిపి, మడమలు ఆనేలా, పదకొండో అరలో పెట్టింది. రబ్బరు చెప్పులు మళ్ళీ కాళ్ళకి తొడుక్కుంది.

పెద్దాయన నోరు తెరిచాడు. ఆయన నియమం ఆయనకి తెలుసు. చూడవచ్చినవాళ్ళ అరలో బూట్లున్నంతసేపూ దీవి ఖాళీ కాదు. చేతిలో ఉన్న కాయితం మీద పెట్టబోయిన సంతకం ఆపేసి, కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

సరంగు నవ్వు మొహం మొదటిసారి మాయమైంది. "ఏయ్, పెద్దాయనా! కాయితం ఇవ్వు. కాయితం లేకుండా నేను వెళ్ళకూడదు."

"అర నిండుగా ఉంది సరంగూ. నేను రాయను."

"ఆ పిచ్చిది బూట్లు పెడితే నువ్వు..."

"మాట తిన్నగా రానీ. పోటు తగ్గుతోందన్నావుగా, పో."

సరంగు ఒకసారి ఉత్తరం వైపు, ఒకసారి సముద్రం వైపు చూశాడు. నిజంగానే నీళ్ళు రేవు స్తంభాల మీద జానెడు దిగాయి. ఇంకాసేపు ఆగితే పడవ ఇసకలో కూరుకుపోతుంది. బూతు మాటొకటి నములుతూ తాడు విప్పాడు. ఇంజను దగ్గింది. పడవ మెల్లగా రేవు నుంచి జరిగి, నీళ్ళలో పెద్ద సున్నా చుట్టి, వెనక భాగం ఇటు తిప్పింది.

ఇంజను గది గుమ్మానికి ఒక మేకు. మేకుకి వేలాడుతూ, గాలికి ఊగుతూ, నారింజ రంగు వానకోటు. ఎడమ చేతి దగ్గర చిరుగు.

కోటుతోనే మెట్లెక్కి పోయాడు, వెనక్కి కూడా చూడలేదు అన్నాడు కదూ.

ఇన్‌స్పెక్టరమ్మ అక్కడే చెక్కల మీద కూలబడింది. ఒక్కటి తేలింది. ఏది అబద్ధమో తేలింది. పొద్దుటి నుంచీ ఆమెకు కాళ్ళ కింద నేల తగలడం ఇదే మొదటిసారి.

"క్షమించక్కా," అంది.

"ఎందుకు? నీ చోట నేనుంటే ఇంకా ముందే తిట్టేదాన్ని," అంది పక్షులావిడ. గంటన్నరలో మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వులాంటిది కదిలింది. "మీ ఆయనవి వదులు చెప్పులమ్మా. నడిస్తే టపటపమంటాయి. అందుకే లేవకుండా కూర్చున్నా."

పెద్దాయనకి ఇదంతా సగమే ఎక్కింది. ఎక్కిన సగంతో అలవాటు ప్రకారం లెక్కకి దిగాడు. అరల ముందు నిలబడి వేలు ఆడించాడు. "ఒకటో అర నాది, రెండో అర ఈవిడది, పదకొండు మీది. దీవిలో ముగ్గురం."

"నలుగురం బాబాయ్," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఆ మాట ఆమె నోట్లో ఉండగానే ఉత్తరం వైపు ఆకాశం తెల్లబడింది. రాళ్ళ మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. వేల రెక్కలు. ఆ అరుపులు రేవు దాకా వినిపించాయి.

పక్షులావిడ దుర్భిణి కళ్ళకి ఆనించింది. "గద్దకి ఇలా లేవవు. ఉడుముకి లేవవు. గూళ్ళ మధ్య మనిషి అడుగు పడితేనే ఇలా లేస్తాయి."

"ఆయనే! ఇటే వస్తున్నారు!" ఇన్‌స్పెక్టరమ్మ లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఏం తిట్టాలో అప్పుడే ఏరుకుంటూ. "నలుగురం బాబాయ్, రాసుకోండి!"

లేచిన పక్షులు గాల్లో ఒక చుట్టు చుట్టి, మళ్ళీ కిందికి దిగసాగాయి.

అవి దిగకముందే, వాటికి వంద గజాల వెనక, రెండో గుంపు లేచింది.

మొదటి గుంపు లేచిన దారినే. అదే వరసలో. ఇంకా వేగంగా.

పక్షులావిడ దుర్భిణి దించలేదు. పద్నాలుగేళ్ళుగా లెక్క తప్పని మనిషి ఈసారి రెండుసార్లు లెక్కపెట్టింది.

"నలుగురం కాదు," అంది. "ఐదుగురం."